తుడిచే ముందు ఒక్కసారి చూడండి
(పాత కార్ల ప్రదర్శనలో అతిథిగా వచ్చిన రీస్టోరేషన్ నిపుణుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు కాస్త ముందుకు రండి. పిల్లలు కింద కూర్చున్నా పర్వాలేదు.

పొద్దున్నించీ ఈ హాల్లో తిరుగుతూ ఎవరు ఏ బండి దగ్గర ఆగుతున్నారో చూస్తున్నాను. ఆ ఎర్ర స్పోర్ట్స్ కారు దగ్గర ఫోటోల కోసం వరస కట్టారు. అది అందమైన బండే, అందులో అనుమానం లేదు. కానీ అదిగో, మూలన స్తంభం పక్కన, 1930ల నాటి బూడిద రంగు సెలూన్ కారు, అంటే పైకప్పుతో మూసిన బాడీ ఉన్నది, ఒకటుంది. దాని దగ్గర రెండు నిమిషాలకి మించి నిలబడ్డవాళ్ళు నాకు ముగ్గురే కనిపించారు. రంగు వెలిసింది, సీటు తోలు నెర్రెలిచ్చింది, డ్యాష్‌బోర్డు చెక్క మీద పాలిష్ పొరలు లేచాయి. "పాపం, దీన్నెవరూ బాగుచేయించలేదా?" అని ఒకావిడ వాళ్ళాయన్ని అడుగుతుంటే విన్నాను. అమ్మా, మీరు ఇక్కడే ఉంటే, ఈ గంటసేపూ నేను చెప్పబోయేది మీ ప్రశ్నకి జవాబే.

ఆ బండిని ఎవరూ బాగుచేయించలేదు. అందుకే నా దృష్టిలో ఈ హాల్లో అన్నిటికంటే విలువైన బండి అది.

బయటికి వెళ్ళేటప్పుడు దాని మడ్‌గార్డ్ పైభాగం చూడండి. గుండ్రంగా ఎత్తుగా ఉన్నచోట రంగు పల్చబడి లోపలి ప్రైమర్ కనిపిస్తుంది. పక్కన పల్లంలో రంగు మందంగానే ఉంటుంది. ఎనభై ఏళ్ళకి పైగా చేతులు గుడ్డ పట్టుకుని ఆ మడ్‌గార్డ్ మీద తిరిగాయి. గుడ్డ ఎత్తు మీద గట్టిగా, పల్లంలో తేలిగ్గా తగులుతుంది. ఆ తేడానే మనకి ఇవాళ కనిపిస్తున్నది. తర్వాత బోనెట్ అంచు చూడండి, ఎత్తేటప్పుడు నాలుగు వేళ్ళు పడేచోట రంగు పూర్తిగా పోయింది. క్లచ్ పెడల్ రబ్బరు ఒకవైపే అరిగింది. దాన్ని ఎక్కువ కాలం నడిపిన మనిషి కాలు కొంచెం వంకరగా పెట్టేవాడన్నమాట. ఎంత గొప్ప పెయింటర్‌ని తెచ్చినా ఇవి వేయలేడు. ఎంత డబ్బు పెట్టినా ఇవి కొనలేం. ఒక్క వారం టింకరింగ్, పెయింటింగ్ చేయిస్తే మాత్రం మొత్తం పోతాయి.

ఈ మాట నేను పుస్తకం చదివి చెప్పట్లేదు. పని నేర్చుకున్న కొత్తలో ఒక పెద్దమనిషి తన 1930ల నాటి బండిని నా చేతికి అప్పగించారు. ఆ రోజుల్లో ఖరీదైన కార్లు ఎలా తయారయ్యేవో ముందు చెప్పాలి. కంపెనీ చాసిస్ అనే అడుగు చట్రం, ఇంజను, చక్రాలు మాత్రం ఇచ్చేది. బాడీ కట్టే పని కోచ్‌బిల్డర్లది. ముందు యాష్ అనే చెట్టు చెక్కతో చట్రం కట్టి, దాని మీద రేకు చేత్తో వంచి తొడిగేవాళ్ళు. నా దగ్గరికొచ్చిన బండి అలాంటిదే. డోర్ ప్యాడ్ విప్పగానే లోపలి చెక్క మీద పెన్సిల్‌తో రాసిన అంకెలు కనిపించాయి. నాలుగు అంకెలు, పక్కన ఏవో రెండు పొడి అక్షరాలు. చెక్క అక్కడక్కడా పురుగు తిని ఉంది. మొత్తం మార్చేస్తే పని శుభ్రంగా ఉంటుందనుకున్నాను. కొత్త చెక్క కోసి బిగించి, పాతది పారేశాను. ఫోటో కూడా తీయలేదు.

మూడేళ్ళ తర్వాత, ఆ బాడీ ఆ చాసిస్ మీద మొదటినుంచీ ఉన్నదేనా, తర్వాత వేరే బండి నుంచి తెచ్చి పెట్టిందా అన్న ప్రశ్న వచ్చింది. కోచ్‌బిల్డర్ లెడ్జర్‌లో బాడీ నంబరు దొరికింది. దాన్ని సరిపోల్చడానికి బండి మీద ఇంకేమీ మిగల్లేదు. ఆ నాలుగు అంకెలే సాక్ష్యం, దాన్ని నా చేతుల్తో నేనే పారేశాను. ఆ పెద్దమనిషి నన్నొక్క మాట అనలేదు. ఆ బండి గురించి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. అప్పటినుంచి నా వర్క్‌షాపులో ఒకటే నియమం: విప్పిన ప్రతి స్క్రూకీ ఫోటో, తీసిన ప్రతి ముక్కకీ చీటీ, దేన్నీ పారేయకూడదు.

ఇంతకీ పాత బండిని ఎలా చూడాలి? రంగుతో మొదలుపెడదాం, అందరికీ ముందు కనపడేది అదే కాబట్టి.

1920ల మొదటిదాకా కార్లకి నూనె ఆధారిత వార్నిషులు పొరలు పొరలుగా బ్రష్‌తో వేసేవాళ్ళు. పొరకీ పొరకీ మధ్య ఆరాలి, రుద్దాలి, మళ్ళీ వేయాలి. ఒక్క బండికి వారాలు పట్టేది. ఆ తర్వాత నైట్రోసెల్యులోజ్ లాకర్ వచ్చింది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకి జనరల్ మోటార్స్ వాడిన డూకో రంగు అలాంటిదే. స్ప్రేగన్‌తో కొడితే చకచకా ఆరిపోతుంది. వారాల పని రోజుల్లోకి వచ్చింది, రంగుల ఎంపికా పెరిగింది. అయితే ఆ లాకర్‌కి ఒక గుణం ఉంది. ఇప్పుడు రంగు మీద వేసే పారదర్శక పొర, క్లియర్‌కోట్‌లా తడిసిన గాజులాగా మెరవదు. కొంచెం మెత్తని మెరుపు, పట్టుబట్ట మీద వెలుగు పడినట్టు ఉంటుంది. అందుకే 1930ల నాటి బండి అద్దంలా తళతళలాడుతుంటే నాకు సంతోషం కలగదు. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు కూడా అది అలా లేదు.

రెండో వరసలో ఫోర్డ్ మోడల్ టి ఉంది, చూశారా? అది 1908లో వచ్చి 1927 దాకా నడిచింది, కోటీ 50 లక్షలకి పైగా తయారైంది. మోడల్ టి అంటే నలుపే అని చాలామంది అనుకుంటారు. నల్ల రంగు ఒక్కటే దొరికింది 1914 నుంచి 1925 వరకే. అంతకు ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద రంగుల్లోనూ వచ్చాయి. కాబట్టి ఎక్కడైనా 1909 నాటి మోడల్ టి ఎర్రగా కనిపిస్తే తప్పు పట్టకండి. 1918 బండి ఎర్రగా ఉంటే మాత్రం యజమానిని మర్యాదగా ఒక ప్రశ్న అడగండి. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టాక, సుమారు పన్నెండున్నర గంటలు పట్టే చాసిస్ బిగింపు మరుసటి ఏడాదికి గంటన్నరకి వచ్చింది. ఆ వేగానికీ ఆ ఒక్క రంగుకీ సంబంధం లేకుండా ఉండదు.

రంగు తర్వాత రేకు. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకుని, పల్చటి మెత్తని గుడ్డలో చుట్టి, యజమాని అనుమతి అడిగి, మడ్‌గార్డ్ మీద నెమ్మదిగా జరపండి. ఇనుప రేకు ఉన్నంతమేరా పట్టుకుంటుంది. ఒకచోట చెయ్యి తేలిపోయిందంటే అక్కడ రంగు కింద పుట్టీ మందంగా ఉంది. అల్యూమినియం బాడీల మీద ఎలాగూ అంటుకోదు, అది గుర్తుంచుకోండి. తర్వాత స్క్రూలు. ఒక పలక మీద అన్నీ పాత గాటు స్క్రూలుండి, మధ్యలో ఒక్కటి ప్లస్ గుర్తు ఉన్నదైతే, అక్కడికి తర్వాతి కాలంలో ఎవరిదో చెయ్యి వెళ్ళిందని అర్థం. ప్లస్ గుర్తున్న ఆ ఫిలిప్స్ స్క్రూ కార్ల తయారీలోకి వచ్చిందే 1930ల రెండో సగంలో.

ఆకారాలకి కూడా కారణాలుంటాయి. బుగాటి టైప్ 57 అట్లాంటిక్ ఫోటో అటు గోడ మీద పెట్టారు. బండి నడిమధ్యన ముక్కు నుంచి తోక దాకా వెన్నెముకలా ఒక అంచు, దాని పొడవునా రివెట్లు. చూడ్డానికి అలంకారంలా ఉంటుంది. దానికి మూలం 1935లో చూపించిన ఎరోలిత్ అనే నమూనా బండి. దాని బాడీకి మెగ్నీషియం మిశ్రమం వాడారు, అది వెల్డింగ్‌కి లొంగే లోహం కాదు. అందుకని రెండు సగాలనీ బయటికి అంచు పెట్టి రివెట్లతో కలిపారు. తర్వాత వచ్చిన అట్లాంటిక్‌లు అల్యూమినియంతో చేసినా ఆ అంచుని వదల్లేదు. తయారైనవి నాలుగే. వాటిలో ఒకటి రెండో ప్రపంచ యుద్ధకాలం నుంచి ఇప్పటిదాకా జాడ లేదు. అలాగే 1954 మెర్సిడెస్ 300 ఎస్ఎల్. దాని డోర్లు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. లోపల సన్నటి గొట్టాలతో అల్లిన చట్రం ఉంది, గట్టిదనం కోసం ఆ గొట్టాలు పక్కల్లో ఎత్తుగా వచ్చాయి. మామూలు డోర్ పెట్టే చోటే లేదు. ఇలాంటి కారణం తెలిసినప్పుడు బండి అందం నాకు రెట్టింపు అవుతుంది.

ఇప్పుడు పాత మరమ్మతుల సంగతి. చాలామంది యజమానులు నాతో, "అక్కడెవరో ఎప్పుడో అతుకు వేశారు, తీసేయండి" అంటారు. నేను వెంటనే ఒప్పుకోను. కారు దూరప్రయాణం చేసిన మొదటిరోజే మరమ్మతు కూడా మొదలైంది. 1888 ఆగస్టులో కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని ఆయన కారుని జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు నడిపింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పొడవాటి పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఇంధనం అయిపోతే వీస్లోఖ్ ఊళ్ళో మందుల షాపులో లిగ్రోయిన్ అనే పెట్రోలియం ద్రావకం కొంది. బ్రేకు చెక్కలు అరిగిపోతే ఒక చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఇప్పుడు చెప్పండి, ఆ తోలు ముక్క ఆ బండికే ఉండుంటే, "ఇది ఫ్యాక్టరీ భాగం కాదు" అని మనం పీకేస్తామా? పాత అతుకు కూడా బండి జీవితంలో భాగమే. అది బండిని తినేస్తుంటే తీయాలి, లేకపోతే ఉండనివ్వాలి.

నా ఒక్కడి పట్టుదల కాదిది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య, ఫీవా, 2012లో టురిన్ చార్టర్ అని ఒక పత్రం తయారుచేసింది. దాని సారం, ఉన్నదాన్ని కాపాడటానికి మొదటి చోటు, పునరుద్ధరణ ఆ తర్వాత. ఫీవా లెక్కలో చారిత్రక వాహనం అంటే కనీసం 30 ఏళ్ళు నిండి, అప్పటి రూపానికి సరిపోయేలా ఉండి, రోజువారీ ప్రయాణానికి వాడనిది. అమెరికాలో జరిగే పెబుల్ బీచ్ కార్ల పోటీ 1950లో మొదలైంది. చాలాకాలం అక్కడ కొత్తదానికంటే కొత్తగా కనిపించే బళ్ళకే పేరు. 2001లో రీస్టోర్ చేయని బళ్ళకి విడిగా ఒక విభాగం పెట్టారు. 2024లో అసలు పెద్ద బహుమతే, అంటే మొత్తం ప్రదర్శనకి ఉత్తమ బండి అన్న గౌరవం, 1934 బుగాటి టైప్ 59కి వెళ్ళింది. ఒకప్పుడు బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ దగ్గరున్న బండి అది. నల్ల రంగు, పసుపు గీత, వాడకం గుర్తులు అన్నీ అలాగే ఉన్నాయి. రీస్టోర్ చేయని పాత బండికి అక్కడ ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఆ వార్త చూసిన రోజు నాకు చాలా ఆనందమేసింది.

ఇంకో బుగాటి ఉంది, దీనికి పూర్తిగా అవతలి చివర. 1925 టైప్ 22 బ్రెషియా. ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులో ఉన్న మాజోరే సరస్సులో 1930లలో మునిగింది. సుంకం కట్టని బండి అని అధికారులే గొలుసు కట్టి నీళ్ళలో వదిలారని, ఆ గొలుసు తెగిపోయిందని చెబుతారు. 50 మీటర్లకి పైగా లోతున అది దశాబ్దాలు అలాగే ఉంది. 2009లో పైకి తీశారు, 2010లో పారిస్‌లో వేలం వేశారు. కొన్న సేకరణకర్త దాన్ని కాలిఫోర్నియాలోని ముల్లిన్ మ్యూజియంలో తుప్పుతో, తినేసిన రేకుతో, ఎలా వచ్చిందో అలాగే నిలబెట్టాడు. బాగుచేస్తే ఇంకో బ్రెషియా అయ్యేది. లోకంలో సరస్సు అడుగు నుంచి వచ్చిన బ్రెషియా మాత్రం ఉండేది కాదు.

అంటే ఏదీ ముట్టుకోకూడదని కాదు. తుప్పు ఆగదు, దాన్ని ఆపాలి. ప్రాణం మీదకొచ్చే విషయాల్లో నాకు రాజీ లేదు. టైరు గాట్లు నిండుగా ఉన్నా రబ్బరు వయసు దాటితే మార్చాల్సిందే. బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, బండి కదలకపోయినా మార్చాలి. ఇథనాల్ కలిపిన పెట్రోల్ పాత రబ్బరు గొట్టాలని పాడుచేస్తుంది, కాబట్టి కొత్తరకం గొట్టాలు వేయండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ముని గాలి కొట్టి ఊదకండి, ఊపిరితిత్తులకి ప్రమాదం. ఇవన్నీ చేసి, తీసిన పాత భాగాన్ని చీటీ కట్టి డబ్బాలో దాచండి.

(శ్రోతల్లోంచి ఒక విద్యార్థి: "సార్, ఇంజను తీసేసి ఎలక్ట్రిక్ మోటార్ పెడితే పొగ ఉండదు, మెయింటెనెన్స్ తగ్గుతుంది కదా. అది తప్పా?")

మంచి ప్రశ్న బాబూ. ముందు ఒక సంగతి. గంటకి 100 కిలోమీటర్ల వేగం దాటిన మొదటి కారు ఎలక్ట్రిక్‌దే. 1899లో కమీల్ జెనాట్జీ లా జమే కొంతాంత్ అనే బండిలో ఆ వేగం దాటాడు. కాబట్టి ఎలక్ట్రిక్ బండిని పరాయిదిగా చూడక్కర్లేదు. కానీ పెట్రోల్ బండిగా పుట్టినదాని శబ్దం, వాసన, గేరు మార్చడానికి పడే శ్రమ, అన్నీ ఆ బండిలో భాగమే. గేర్ల వేగాన్ని తనే కలిపే సింక్రోమెష్ అమరిక లేని గేర్‌బాక్సులో గేరు వేయాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి, మధ్యలో ఇంజను వేగం చెవితో పట్టుకోవాలి. ఆ విద్య నేర్పే పాఠశాల ఆ బండి ఒక్కటే. ఫీవా ఇలాంటి మార్పుల్ని ప్రోత్సహించదు. అయినా చేయించుకునేవాళ్ళకి చెప్పేది ఒకటే: ఏదీ కోయొద్దు, వెల్డింగ్ చేయొద్దు, తీసిన ప్రతి భాగాన్నీ గుర్తు రాసి భద్రంగా పెట్టండి, రేపు ఇంకొకరు వెనక్కి బిగించగలగాలి. వేలల్లో మిగిలిన మోడల్ అయితే నేను పెద్దగా బాధపడను. పదుల్లో మిగిలినదైతే, దయచేసి వద్దు.

డబ్బు సంగతి అడగాలని చాలామంది ముఖాల్లో కనిపిస్తోంది, రెండు మాటల్లో చెప్పేస్తాను. 2022లో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హౌట్ కూపే 13 కోట్ల 50 లక్షల యూరోలకి వేలంలో పోయింది. అలాంటివి చేసినవే రెండు. ఇలాంటి ధరలు విన్నప్పుడల్లా నాకు టెన్షన్ మొదలవుతుంది. ధర పెరిగేకొద్దీ ఇంజను నంబర్లు మళ్ళీ గుద్దేవాళ్ళు, చాసిస్ ప్లేట్లు కొత్తగా పోసేవాళ్ళు పుట్టుకొస్తారు. అంతకంటే పెద్ద నష్టం చట్టబద్ధంగానే జరిగింది. 1920ల నాటి బెంట్లీలు ఎన్నో మొదట మూసిన సెలూన్ బాడీలతో ఉండేవి. రేసు బండి ఆకారానికి గిరాకీ ఉందని ఆ బాడీలు విప్పేసి, ఓపెన్ బాడీలు తొడిగారు. ఆ సెలూన్లు కట్టిన వడ్రంగుల పనితనం అలా పోయింది. అందుకే ఆ మూలనున్న బూడిద రంగు బండి వైపు నా కళ్ళు మాటిమాటికీ వెళ్తున్నాయి.

ఒకటి మిగిలింది. బండిని గదిలో పెట్టి తాళం వేస్తే అది బతకదు. సీళ్ళు ఎండిపోతాయి, పెట్రోల్ జిగురవుతుంది, బ్రేకులు పట్టేస్తాయి. 1896 నవంబర్ 14న బ్రిటన్‌లో మోటారు బళ్ళ మీద ఆంక్షలు సడలినందుకు లండన్ నుంచి బ్రైటన్‌కి సంబరంగా నడిపారు. దాని జ్ఞాపకార్థం ఇప్పటికీ ప్రతి నవంబర్‌లో, 1905కి ముందు తయారైన బళ్ళు అదే దారిలో సుమారు 96 కిలోమీటర్లు వెళ్తాయి. చలి, వాన, పైకప్పు లేని సీట్లు. దారిలో ఆగిన బండి దగ్గర ఇంకో బండి ఆగుతుంది. పనిముట్లు చేతులు మారతాయి, పాత విద్య కొత్తవాళ్ళ చేతికొస్తుంది.

అందుకే నిర్వాహకుల్ని అడిగి మోడల్ టిని బయటికి తోయించాను. ఇక్కడ హాల్లో స్టార్ట్ చేస్తే పొగ నిండిపోతుంది. వచ్చేముందు కొన్ని విషయాలు వినండి, ముఖ్యంగా హ్యాండిల్ తిప్పాలనుకునేవాళ్ళు. 1912 మోడల్ క్యాడిలాక్‌లో ఎలక్ట్రిక్ స్టార్టర్ రాకముందు అందరికీ ఇదే దారి. స్టీరింగ్ కింద రెండు లివర్లుంటాయి. కుడివైపుది యాక్సిలరేటర్, రెండు మూడు గాట్లు దించి ఉంచుతాం. ఎడమవైపుది స్పార్క్, అది పూర్తిగా పైకి ఉండాలి. కిందికి ఉంటే పిస్టన్ పైకి రాకముందే స్పార్క్ పడుతుంది, ఇంజను వెనక్కి తంతుంది, మణికట్టు విరుగుతుంది. హ్యాండిల్‌ని బొటనవేలు చుట్టి పట్టుకోకండి. నాలుగు వేళ్ళతో పాటు బొటనవేలూ ఒకే పక్కన ఉండాలి. కింద నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందికి ఎప్పుడూ తోయొద్దు. ఎడమ చెయ్యి మంచిది, ఎదురు తిరిగినా చెయ్యి పక్కకి వెళ్ళిపోతుంది. పెట్రోల్ ఎంతుందో చూపించే మీటరు లేదు, ముందు సీటు ఎత్తి ట్యాంకులో పుల్ల ముంచి చూడాలి. అది పిల్లల చేత చూపిస్తాను.

రండి, వెళ్దాం. ఇందాక ప్రశ్న అడిగిన బాబు ఎక్కడ? మొదట నువ్వే రా. స్పార్క్ లివర్ పైకి ఉందో లేదో నేను చూస్తాను, ఆ తర్వాత నువ్వు హ్యాండిల్ పట్టుకో.